‘మొదటి మహిళ’ తర్వాత ఎవరు?

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా ఆ రోజు నా పక్కన కూర్చుని ఇరవై రెండు నిమిషాల సినిమాని కదలకుండా చూసింది. అరవై దాటిన నల్లజాతి స్త్రీ ఒకామె తెరనిండా ముఖంతో, సూటిగా మన కళ్లలోకి చూస్తూ మాట్లాడుతోంది, మాటమాటకీ నవ్వుతోంది. మధ్యమధ్య పాత రీళ్లు. వాటిలో అందరికన్నా పొడుగైన అమ్మాయి ఒకతె, చుట్టూ ఉన్నవాళ్లు ఆపబోతుంటే వాళ్ల చేతుల మీదుగా బంతిని తీసుకెళ్లి బుట్టలో వేస్తోంది. నేను అక్కడక్కడా ఆపి తెలుగులో చెబుతున్నాను. “చిన్నప్పుడు ఈమె పొడుగు చూసి పిల్లలు ఏడిపించేవాళ్లట” అన్నాను. “నన్ను తాటిచెట్టు అనేవాళ్లు కాదూ” అంది అమ్మ. హైస్కూల్లో అమ్మ త్రోబాల్ ఆడేదని, జిల్లా పోటీలకి వెళ్లిందని నాకు తెలుసు. తాటిచెట్టు సంగతి మాత్రం ముప్పై ఏళ్లు దాటాక, ఎక్కడో మిసిసిపీలో పుట్టినామె పుణ్యాన తెలిసింది.

సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే అమ్మ అడిగింది. “మగవాళ్ల టీములోకి ఎంపికైన మొదటి ఆడమనిషి అన్నావుగా. మరి రెండో ఆమె ఎవరు?”

రెండో ఆమె లేదు. నలభై అయిదేళ్లు దాటినా లేదు. స్త్రీల రచనల మీద డాక్టరేటు చేసిన నేను ఎన్నిచోట్ల ‘మొదటి’, ‘తొలి’, ‘ప్రథమ’ అని రాశానో గుర్తుచేసుకుంటే, ఒక్కచోటా ఈ ప్రశ్న వేసుకోలేదని తెలిసి సిగ్గేసింది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చిందే.

సినిమా పేరు ‘ద క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్’. 2021లో వచ్చింది. తీసినతను బెన్ ప్రౌడ్‌ఫుట్ అనే కెనడా యువకుడు. ఆమె పేరు లూసియా హారిస్. 1955 ఫిబ్రవరిలో మిసిసిపీ రాష్ట్రంలో, లెఫ్లోర్ కౌంటీలోని మింటర్ సిటీలో పుట్టింది. ఆమె ఆర్నెల్ల పాపగా ఉన్నప్పుడు, అదే కౌంటీలోని మనీ అనే ఊళ్లో బంధువుల ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్‌ని తెల్లవాళ్లు ఎత్తుకుపోయి చంపారు. సినిమాలో ఈ సంగతి రాదు. కానీ ఆ నేల ఎలాంటిదో తెలియకపోతే, పత్తి ఏరిన చేతులు బంతి పట్టడం అనే మాట కవిత్వంలా వినిపించి ఊరుకుంటుంది.

పిల్లలు చాలామంది ఉన్న ఇల్లు అది. పెరట్లో ఒక బుట్ట. రాత్రుళ్లు పెద్దవాళ్లకి తెలియకుండా టీవీ మీద దుప్పటి కప్పుకుని మ్యాచ్‌లు చూసేదట. ఆ వెలుగులో ఆమె చూసినవాళ్లందరూ మగవాళ్లే. ఆమె ఆరాధించిన ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్. ఆరడుగుల మూడంగుళాల ఎత్తుకి ఎదిగింది. పక్కనే క్లీవ్‌లండ్ ఊళ్లోని డెల్టా స్టేట్ యూనివర్సిటీలో చేరింది. 1960ల చివరిదాకా నల్లవాళ్లని గడప తొక్కనివ్వని చోటు అది. జట్టులో ఆమె ఒక్కతే నల్లపిల్ల. కోచ్ మార్గరెట్ వేడ్. 1975, 1976, 1977... వరసగా మూడేళ్లు ఆ జట్టు జాతీయ విజేత. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్త్రీల బాస్కెట్‌బాల్‌ని మొట్టమొదటిసారి ప్రవేశపెడితే, ఆ చరిత్రలో తొలి బుట్ట లూసియాదే. అమెరికా జట్టుకి రజతం వచ్చింది.

ఆ తర్వాత 1977. న్యూ ఆర్లియన్స్ జాజ్ అనే మగవాళ్ల వృత్తి జట్టు ఏడో రౌండులో, 137వ ఎంపికగా ఆమె పేరు పిలిచింది. అమెరికాలో పత్రికలు రాసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆమె వెళ్లలేదు. ఇదంతా ప్రచారం కోసమని ఆమెకి అనిపించింది. అప్పటికి గర్భవతి కూడా. పైగా మగవాళ్లతో పోటీపడి ఆడాలన్న కోరిక తనకి లేదని, వెళ్లనందుకు ఏనాడూ విచారించలేదని సినిమాలో నవ్వుతూనే చెబుతుంది. కానీ అదే నోటితో, తాను మగవాడిగా పుట్టి ఉంటే కాలేజీ తర్వాత ఆడుకోవడానికి ఇంకా దారులుండేవని కూడా అంటుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీలోనే నాకు ఆమె జీవితం కనిపించింది.

ఆమెకి కావలసింది మగవాళ్ల జట్టులో కుర్చీ కాదు, ఆడవాళ్లు ఆడుకునే లీగు. అది లేదు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్ష కూడదంది. ఆ తలుపు తెరుచుకుంటున్న రోజుల్లోనే లూసియా కాలేజీలో ఆడింది. కానీ చట్టం కాలేజీ గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత పుట్టిన ఒక చిన్న మహిళా లీగులో, హ్యూస్టన్ జట్టు తరఫున 1979–80లో కొద్దికాలం ఆడింది. 1981కల్లా ఆ లీగే మూతపడింది. ఇవాళ మనం పేరు వినే డబ్ల్యూఎన్‌బీఏ పోటీలు మొదలైంది 1997లో. అప్పటికి ఆమెకి నలభై రెండేళ్లు. నలుగురు బిడ్డల తల్లి. తాను చదివిన హైస్కూల్లోనే పాఠాలు చెప్పింది, పిల్లలకి ఆట నేర్పింది. బైపోలార్ జబ్బుతో కుంగిపోయిన రోజుల గురించి కూడా కెమెరా ముందు దాచుకోకుండా చెప్పింది. 1992లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకి చోటిచ్చారు. ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతి స్త్రీ. చిన్నప్పుడు దుప్పటి కింద చూసిన ఆస్కార్ రాబర్ట్‌సనే ఆ రోజు ఆమె వెంట నిలబడ్డాడు. నిజంగా మంచి ఘట్టమే. కాదనను. కానీ ఆమె ఆట ఆగిపోయి అప్పటికి పన్నెండేళ్లు.

ఇంకో సంగతి. ఈ ‘మొదటి’ అన్న మాట కూడా ఎవరో ఒప్పుకుంటేనే చెల్లుతుంది. 1969లోనే శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ జట్టు అయోవాకి చెందిన డెనిస్ లాంగ్ అనే తెల్ల అమ్మాయిని ఎంపిక చేసింది. లీగు పెద్దలు చెల్లదని కొట్టేశారు. అందుకే లూసియా పేరు ముందు ‘అధికారికంగా’ అని చేరుస్తారు. కాలేజీలో ఆమె సాధించిన మూడు టైటిళ్లూ ఏఐఏడబ్ల్యూ అనే స్త్రీల సంఘం ఆధ్వర్యంలోవి. 1980ల మొదట్లో ఎన్‌సీఏఏ అనే పెద్ద సంస్థ స్త్రీల ఆటల్ని కూడా తన కిందికి తీసుకున్నాక ఆ సంఘం కనుమరుగైంది. దాని లెక్కలు కొత్త యజమాని రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. 2024లో కెయిట్లిన్ క్లార్క్ అనే క్రీడాకారిణి పాయింట్ల రికార్డు బద్దలు కొట్టిందని దేశమంతా హోరెత్తినప్పుడు, అంతకుముందు 3,649 పాయింట్లు చేసిన లినెట్ వుడార్డ్ సంగతేమిటని కొందరు గుర్తు చేయాల్సి వచ్చింది. వుడార్డ్ నల్లజాతి స్త్రీ. ఆమె ఆడిందీ ఏఐఏడబ్ల్యూ కాలంలోనే. లెక్కలు రాసే పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గర్నుంచే ఒకటో అంకె మొదలవుతుంది.

మన సాహిత్యంలో ఇది తెలియనిదేం కాదు. ‘దిద్దుబాటు’ తొలి తెలుగు కథ అని పాఠాలు చదివి పెరిగినవాళ్లమే అందరం. 1910 నాటి ఆ కథకి ఎనిమిదేళ్ల ముందే భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాసిందని స్త్రీవాదులు ఎంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందో ఈ పత్రిక పాఠకులకి నేను గుర్తుచేయక్కర్లేదు. ఆ వాదనలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ ఉంటాను. కానీ తొలి కథ ఎవరిదనే తగవులో పడి, ముప్పై ఏళ్లకే పోయిన ఆమె మిగతా కథల్ని ఎంతమందిమి చదివామన్నది వేరే ప్రశ్న. ఆ అచ్చమాంబే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో ఘనకార్యాలు చేసిన స్త్రీల జీవితాలు సంకలనం చేసింది. మరుగున పడ్డ స్త్రీలని ఒక్కొక్కరినే తెచ్చి వెలుగులో నిలబెట్టడం మనకీ పాత విద్యే. అప్పుడు పుస్తకం, ఇప్పుడు లఘుచిత్రం.

కాబట్టి ఈ రకం సినిమాలని తేలిగ్గా తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. కార్టర్ జి. వుడ్సన్ 1926లో నీగ్రో చరిత్ర వారోత్సవం మొదలుపెట్టినప్పుడు బడి పుస్తకాల్లో నల్లవాళ్లకి గౌరవంగా చోటున్న పేజీయే అరుదు. అది తర్వాత నెల రోజుల ఉత్సవమైంది. ఏటా ఫిబ్రవరి రాగానే అమెరికాలో టీవీ ఛానళ్లు, కంపెనీలు, మ్యూజియంలు పైలట్లనీ, శాస్త్రవేత్తలనీ, ఆటగాళ్లనీ రెండేసి మూడేసి నిమిషాల్లో పరిచయం చేస్తాయి. వాటి నడక దాదాపు ఒకటే. కష్టాల బాల్యం, అవమానం, పట్టుదల, విజయం, చివర పిల్లల ముఖాలు. తలుపు మూసింది ఎవరన్నది మాత్రం ఎప్పుడూ కర్మణి ప్రయోగంలోనే ఉంటుంది. ఆమెకి ప్రవేశం ‘నిరాకరించబడింది’. ఎవరు నిరాకరించారు? ఏ కమిటీ, ఏ ఉత్తరం? ఆ పేర్లు చెప్పరు. సన్మాన సభలో పాత సంగతులు ఎందుకన్నట్టు!

ప్రౌడ్‌ఫుట్ సినిమాకి ఆ జబ్బు పూర్తిగా పట్టకపోవడానికి కారణం, అందులో వ్యాఖ్యాత లేకపోవడం. చివరిదాకా లూసియానే మాట్లాడుతుంది. ఇక రెండోది, యూనివర్సిటీ ఆర్కైవ్‌లో పడివున్న పదహారు ఎంఎం రీళ్లు. ఆమె ఎలా ఆడేదో మాటలతో చెప్పించకుండా చూపించారు. 2022 మార్చి 27న దానికి ఆస్కార్ వచ్చింది. ఆమె మాత్రం ఆ ఏడాది జనవరి 18నే చనిపోయింది. అరవై ఆరేళ్లు. అమ్మకి ఈ సంగతి చెబితే, “ఎంతసేపూ ఆలస్యమేనా ఆమెకి” అంది.

అయితే, కెమెరా వెనకాల ఎవరున్నారు అన్న ప్రశ్న కూడా వేయకుండా ఉండలేను. ఆ అబ్బాయి వినయం కలవాడే. కానీ నల్లజాతి స్త్రీలు తమవాళ్ల గురించి తామే లఘుచిత్రాలు తీసుకున్న చరిత్ర అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. దానికి ఆస్కార్లు రాలేదు కాబట్టి మన దాకా చేరలేదు.

నేను జోరా నీల్ హర్‌స్టన్‌ని నవలా రచయిత్రిగా చదువుకున్నాను. ఆమె కెమెరా పట్టిందని చాలా ఆలస్యంగా తెలిసింది. 1920ల చివర్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జానపద కథలు సేకరిస్తూ తిరిగినప్పుడు ఆమె దగ్గర సినిమా కెమెరా ఉంది. పిల్లల ఆటలు తీసింది. ఆఫ్రికా నుంచి బానిసగా ఓడలో తెచ్చినవాళ్లలో అప్పటికి మిగిలివున్న ముసలాయన కొసోలాని అలబామాలో, ఆయన ఇంటి దగ్గర తీసింది. ఆ కెమెరా ఎవరిది? షార్లట్ ఆస్‌గుడ్ మేసన్ అనే శ్రీమంతురాలైన తెల్ల పోషకురాలిది. 1927 చివర్లో రాసుకున్న ఒప్పందం ప్రకారం నెలకి 200 డాలర్లు, ఒక కెమెరా, ఒక కారు. సేకరించిన సరుకంతా మేసన్‌దే. ఆమె అనుమతి లేకుండా జోరా దాన్ని ఎవరికీ చూపించకూడదు. ఇప్పుడు కొందరు హర్‌స్టన్‌ని అమెరికాలో సినిమా తీసిన తొలి నల్లజాతి స్త్రీలలో ఒకరంటారు. సరే. తీసిన రీలు తనది కాని తొలి ఆమె!

1976లో న్యూయార్క్‌లో నల్లజాతి స్త్రీల సినిమాలకని ఒక ఉత్సవం జరిగింది. సోజర్నర్ ట్రూత్ పేరు పెట్టుకున్నారు. నడిపినవాళ్లలో చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్, విమర్శకురాలు మిషెల్ వాలెస్, ఫిల్మ్ మేకర్ మోనికా ఫ్రీమన్ ఉన్నారు. అంతకు ముందు ఏడాదే ఫ్రీమన్ శిల్పి వలరీ మేనర్డ్ మీద ఒక చిన్న చిత్రం తీసింది. పొడుగు సినిమాలకి డబ్బిచ్చేవాడు లేడు కాబట్టి పావుగంట, అరగంట సినిమాలే వీళ్ల రూపం అయ్యింది. మనవాళ్లు నవలకి తీరిక దొరక్క కథ రాసుకున్నట్టే.

వీటిలో నన్ను ఎక్కువ వెంటాడింది ఆయోకా చెంజీరా 1979లో తీసిన ‘సివిల్లా: దే డాన్స్ టు హర్ డ్రమ్’. సివిల్లా ఫోర్ట్ నర్తకి, అంతకన్నా ఎక్కువగా గురువు. 1917లో సియాటల్‌లో పుట్టింది. నల్లపిల్ల అని బాలే స్కూళ్లు చేర్చుకోలేదు. ఇంట్లో నేర్చుకుని, తనకి తొమ్మిదేళ్లప్పుడే వాడలో పాఠానికి డబ్బుల్లేని పిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది. తర్వాత కార్నిష్ స్కూల్లో చదువుకుంది. 1940లో అక్కడ ఒక నృత్యం కూర్చుకుని, దానికి సంగీతం కావాలని స్కూల్లో పనిచేసే యువకుణ్ణి అడిగింది. అతను జాన్ కేజ్. తాళవాద్యాల బృందాన్ని పెడదామంటే వేదిక మీద చోటు చాలలేదు, పియానో ఒక్కటే పడుతుంది. అతను పియానో తీగల మధ్య మరమేకులు, నట్లలాంటివి దూర్చి దాన్నే తాళవాద్యంగా మార్చాడు. ఆ రచన ‘బక్కనాల్’. ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య సంగీత చరిత్రలో ‘ప్రిపేర్డ్ పియానో’ ఒక మలుపు అని ఏ పుస్తకం తీసినా ఉంటుంది, కేజ్ పేరుతో. ఆ సంగీతం అడిగిన ఆమె, ఆ చాలని చోటులో ఆడిన ఆమె అధస్సూచికలో ఉంటే అదృష్టం.

ఆమె తర్వాత కేథరిన్ డన్‌హమ్ బృందంలో ఆడింది. మోకాలు దెబ్బతిన్నాక డన్‌హమ్ న్యూయార్క్ స్కూలు బోధనని చూసుకుంది. 1954లో అది మూతపడితే, మరుసటి ఏడాది వెస్ట్ నలభై నాలుగో వీధిలో సొంత స్టూడియో పెట్టి ఇరవై ఏళ్లు నడిపింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, పేరున్న నటులూ పేరులేని పిల్లలూ ఆమె దగ్గర నేర్చుకున్నారు. మార్లన్ బ్రాండో నడకలో ఏదో ఉందని మెచ్చుకున్నవాళ్లలో ఎందరికి ఆమె పేరు తెలుసు? కేన్సర్‌తో ఉండగా 1975 నవంబర్ 3న నాటకరంగం వాళ్లంతా సన్మానం చేశారు. అయిదో రోజున, నవంబర్ 8న కన్నుమూసింది.

చెంజీరా పెట్టిన పేరు చూడండి. ఆమె డోలుకి వాళ్లు నర్తిస్తారు. వాక్యంలో కర్త ‘వాళ్లు’. గురువుని ఆమె సాధించిన ఘనతతో కాక, ఆమె తర్వాత ఆడుతున్న శరీరాలతో గుర్తుపట్టమంటుంది. అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఇలాంటి చోట దొరుకుతుంది. సివిల్లా తర్వాత రెండో ఆమె, మూడో ఆమె, నూరో ఆమె ఉన్నారు, ఎందుకంటే ఆమె ఒక గది అద్దెకి తీసుకుని రోజూ తలుపు తీసి ఉంచింది. లూసియాకి దొరికింది పిలుపు మాత్రమే, గది దొరకలేదు.

మాడలిన్ ఆండర్సన్ ఇంకో అడుగు ముందుకి వేసింది. 1960లోనే ‘ఇంటిగ్రేషన్ రిపోర్ట్ వన్’ తీసిన ఆమె పేరు ముందు కూడా బోలెడన్ని ‘తొలి’లు తగిలిస్తారు. కానీ 1970లో ఆమె తీసిన అరగంట సినిమా ‘ఐ యామ్ సమ్‌బడీ’లో తొలి ఎవరూ లేరు. 1969లో చార్ల్స్‌టన్‌లో, యూనియన్ పెట్టుకుంటున్నందుకు పన్నెండు మంది ఆసుపత్రి కార్మికుల్ని తీసేస్తే, నాలుగు వందలకి పైగా సమ్మెకి దిగారు. దాదాపు అందరూ నల్లజాతి స్త్రీలే. రోగుల మంచాలు సర్దేవాళ్లు, వంటవాళ్లు, ఆయాలు. గంటకి 1 డాలర్ 30 సెంట్లు. నేషనల్ గార్డు తుపాకులతో వీధుల్లో దిగింది. నూరు రోజులు దాటింది. సినిమాలో కథ చెప్పేది సమ్మె చేసిన ఒక కార్మికురాలి గొంతు. చివరికి తీసేసినవాళ్లకి ఉద్యోగాలు తిరిగొచ్చాయి, జీతం కొద్దిగా పెరిగింది, యూనియన్ గుర్తింపు మాత్రం రాలేదు. ఆ సంగతి తెలిసి చూసినా ఆ ముఖాల్లో ఓడిపోయినవాళ్లు కనపడరు. ‘మనకు తెలియని మన చరిత్ర’ని 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీల గొంతులు ఎలా ఉన్నాయో, నాకు అలాగే వినిపించింది. అక్కడా ఎవరూ ‘నేను మొదటిదాన్ని’ అని చెప్పుకోలేదు. ఏం వండారో, ఎక్కడ దాక్కున్నారో, తర్వాత ఇళ్లకి పొమ్మన్నప్పుడు ఎలా ఉందో చెప్పుకున్నారు.

రెండేళ్ల క్రితం ఒక సంస్థ వాళ్లు మార్చి 8 కోసం ‘తొలి తెలుగు మహిళలు’ అని అయిదు నిమిషాల వీడియోకి స్క్రిప్టు రాయమన్నారు. ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు. రాశాను. వాళ్లలో ఒక డాక్టరు గురించి, ఆమె చదివిన కాలేజీలో తర్వాతి అమ్మాయి ఎన్నేళ్లకి చేరిందో చేర్చుదామన్నాను. పండగ పూట నిరాశగా ఉంటుందని తీసేశారు. నేనూ గట్టిగా పట్టుపట్టలేదు. పారితోషికం తీసుకున్నాను.

ఇప్పుడు నా థీసిస్‌ని పుస్తకంగా వేద్దామని దిద్దుకుంటున్నాను. ‘తొలి’ కనబడ్డ ప్రతిచోటా ఆగి రెండో ఆమె ఎవరో వెతుకుతున్నాను. కొన్నిచోట్ల దొరికింది. ఒకచోట రెండో ఆమెకీ మొదటి ఆమెకీ మధ్య పంతొమ్మిదేళ్లు. ఎందుకన్నది రాయడానికి ఒక పేరా అనుకున్నది మూడు పేజీలైంది. ప్రూఫులు చూస్తున్న స్నేహితురాలు మార్జిన్‌లో “‘తొలి’ అన్నమాట ఎగిరిపోయింది, చూసుకో” అని పెన్సిలుతో రాసి పంపింది.

అమ్మ నిన్న మళ్లీ ఆ సినిమా పెట్టమంది. మాటలు అక్కర్లేదట, ఆడిన ముక్కలు చాలట. అవి మాత్రం ఏరి పెట్టాను. చూస్తూ చూస్తూ కుడిచెయ్యి మోచేతి దాకా పైకెత్తింది, త్రోబాల్ విసిరేటప్పుడు ఎత్తినట్టు. మీ టీములో నీ తర్వాత ఎవరాడారు అని అడిగాను. కాసేపు ఆలోచించి, ముగ్గురి పేర్లు చెప్పింది. రాసుకున్నాను.